తాతగారి డెత్ సర్టిఫికెట్ వెతుకుతున్న మేనకోడలికి

చిరంజీవి అమ్మడికి మామయ్య ఆశీస్సులు.

నీ మెసేజ్ చదివాను. మీ తాతగారి పేరు మీదే ఉండిపోయిన పొలం మీ పేర్లకు మారాలంటే ఆయన డెత్ సర్టిఫికెట్ తెమ్మన్నారని, పంచాయతీలో అడిగితే "అంత పాతవి మా దగ్గర లేవమ్మా" అని పంపేశారని రాశావు. పనిలో పనిగా నాన్నవైపు వంశవృక్షం కూడా రాసుకోవాలనుందన్నావు. చాలా సంతోషం. రెండింటికీ వెతకాల్సిన చోట్లు చాలావరకు ఒకటే. తహసీల్దారు ఆఫీసు రికార్డు రూములో చాలాకాలం పనిచేసినవాణ్ణి కాబట్టి కాస్త వివరంగానే రాస్తున్నాను. టెన్షన్ పడకు.

ఏ ఆఫీసు మెట్లయినా ఎక్కే ముందు ఇంట్లోనే రెండు సంగతులు తేల్చుకో. ఆయన ఏ ఊళ్లో పోయారు, ఏ తేదీన పోయారు. మరణం ఎక్కడ జరిగితే అక్కడే నమోదవుతుంది. సొంతూరు ఏదైనా సరే, గుంటూరు పెద్దాసుపత్రిలో పోతే గుంటూరులో, వైద్యానికి వేలూరు తీసుకెళ్తే అక్కడ పోయినవాళ్లది తమిళనాడులో ఉంటుంది. మీ నాన్నగారు హైదరాబాదు ఆసుపత్రిలో పోయారు కనుక ఆయనది జీహెచ్ఎంసీలో ఉంటుంది, మీసేవలో అడిగితే వస్తుంది. అది తేలిక. తాతగారిదే కష్టం.

ఆయన తేదీ ఎవరికీ గుర్తులేదన్నావు గానీ, ఏటా తద్దినం పెడుతున్న ఇంట్లో తిథి తెలియకుండా ఉండదు. "ఉప్పెన వచ్చిన ఏడాది, మాఘంలో, శివరాత్రికి ముందు" అని మీ మేనత్తగారు చెప్పారని నువ్వే రాశావు. అంతకన్నా ఏం కావాలి? దివిసీమ ఉప్పెన 1977 నవంబరు 19న వచ్చింది. అది పింగళ నామ సంవత్సరం. ఉప్పెన ఏడాది అనగానే గుమాస్తా 1977 పుస్తకం తీసి, లేదని చెప్పేస్తాడు. కానీ మన సంవత్సరం ఉగాదితో మొదలవుతుంది కదా, పింగళలో మాఘమాసం వచ్చేసరికి ఇంగ్లిషు లెక్కలో 1978 అయిపోయింది. శివరాత్రికి ముందు బహుళ పక్షమంటే ఫిబ్రవరి ఆఖరు నుంచి మార్చి మొదటి వారం లోపు. మేనత్తగారిని సరైన తిథి అడుగు, పాత పంచాంగాలు ఇప్పుడు ఫోన్‌లోనే ఉన్నాయి, తేదీ తేలిపోతుంది. ఒకరోజు అటూ ఇటూ ఉన్నా ఫరవాలేదు. ముత్తాతగారి విషయంలో మాత్రం జాగ్రత్త, అరవై ఏళ్లకోసారి అదే పేరు తిరిగొస్తుంది. 1917 కూడా పింగళే.

పాత ట్రంకు పెట్టె కూడా వెతుకు. పెద్దకర్మ కార్డు గానీ, ఎవరైనా రాసిన కార్డుముక్క గానీ, గోడమీది ఫోటో వెనక రాసిన తేదీ గానీ దొరికితే అదీ సాక్ష్యమే.

ఇక రికార్డు ఎక్కడుందనే మాట. అప్పట్లో ఊళ్లో చావుపుట్టుకల పుస్తకం చాలాచోట్ల ఊరి అధికారి మునసబుగారే రాసేవారు. అవి తాలూకా ఆఫీసుకు చేరేవి. 1984లో ఊరి లెక్కలు రాసే కరణాలు, మునసబుల వ్యవస్థ రద్దయింది, మరుసటి ఏడాది మండలాలు వచ్చాయి, తాలూకా రికార్డులు మండలాలకు పంచారు. ఆ పంపకంలో కొన్ని పాత తాలూకా కేంద్రంలోనే ఉండిపోవడం మామూలే. మీ ఊరు అప్పుడు దివి తాలూకాలో ఉండేది, ఆఫీసు అవనిగడ్డ. కాబట్టి మీ మండల తహసీల్దారు ఆఫీసులో లేదంటే అవనిగడ్డలో కూడా అడుగు. పంచాయతీ వాళ్లు లేదన్నది వాళ్ల బీరువా వరకే నిజం.

నోటితో అడిగితే నోటితోనే లేదంటారు. కాగితం మీద రాసివ్వు. ఊరు, పాత తాలూకా, పేరు, తండ్రి పేరు రాసి, "1978 జనవరి నుంచి జూన్ వరకు మరణాల రిజిస్టరు వెతికి నకలు ఇప్పించగలరు" అను. జూన్ వరకు ఎందుకంటే, పుస్తకంలో వరస నమోదు చేసిన రోజు ప్రకారం ఉంటుంది. మార్చిలో పోయిన మనిషి పేరు ఏప్రిల్ పేజీలో ఉండొచ్చు. 1969 జనన మరణాల నమోదు చట్టం 17వ సెక్షన్ ప్రకారం ఫీజు కట్టి ఎవరైనా వెతికించి నకలు తీసుకోవచ్చు, అది నీ హక్కు. దరఖాస్తు ముట్టినట్టు ముద్ర, సంతకం వేయించుకో. స్పందన లేకపోతే సమాచార హక్కు చట్టం కింద అడుగు, 30 రోజుల్లో జవాబు ఇవ్వాలి.

పేజీ నీ చేతికి వస్తే నిదానంగా చదువు. పాత పుస్తకాల్లో ఇంటిపేరు ఉండకపోవచ్చు. మనం వెంకటసుబ్బారావు అనుకుంటున్న మనిషి అక్కడ "సుబ్బయ్య, తండ్రి కోటయ్య, సేద్యం" అని ఉంటాడు. ఆడవాళ్లయితే "ఫలానావారి భార్య" అన్నంత వరకే ఉండొచ్చు. వయసులు చాలావరకు 60, 65, 70 అని అందాజుగా వేసినవి, వాటిని పట్టుకుని మనిషిని కాదనుకోకు. తండ్రి పేరు, ఊరు, తేదీ కలిశాయా, అదే చూసుకో. పేరులో తప్పుంటే 15వ సెక్షన్ కింద సవరణ అడగొచ్చు. పాత అక్షరాలు కొట్టేయరు, పక్కన మార్జిన్‌లో రాసి సంతకం పెడతారు. ఇంకొకటి, నకలులో చనిపోయిన కారణం ఉండదు. చట్టమే దాన్ని బయటపెట్టవద్దంది. వంశవృక్షంలో జబ్బుల సంగతి కూడా రాసుకోవాలనుకుంటే పెద్దవాళ్లనే అడగాలి.

ఎంత వెతికినా దొరకలేదనుకో. అప్పుడు "రికార్డులో లేదు" అని రాతపూర్వకంగా ఇమ్మను. దాన్ని నాన్ అవైలబిలిటీ సర్టిఫికెట్ అంటారు. చాలామంది అది రాగానే నిరాశపడి ఇంటికెళ్లిపోతారు. నిజానికి ఆలస్యపు నమోదుకు మొదటి మెట్టు ఆ కాగితమే. ఏడాది దాటిన మరణాన్ని నమోదు చేయాలంటే ఇదివరకు చట్టంలో ఫస్ట్ క్లాస్ మేజిస్ట్రేటు ఆర్డరు అని ఉండేది. 2023 సవరణతో ఆ అధికారం జిల్లా మేజిస్ట్రేటుకు, సబ్ డివిజనల్ మేజిస్ట్రేటుకు ఇచ్చారు. మన దగ్గర ఆర్డీవోగారన్నమాట. నోటరీ చేసిన అఫిడవిట్, ఆ నాన్ అవైలబిలిటీ కాగితం, తాతగారి పేరున్న పాత రేషన్ కార్డో పట్టాదారు పుస్తకమో ఇస్తే, ఊళ్లో విచారణ చేసి పెద్దవాళ్ల వాంగ్మూలం తీసుకుంటారు. తాతగారిని ఎరిగిన ముసలివాళ్లు ఉన్నప్పుడే ఈ పని అయిపోవాలి, వాయిదా వెయ్యకు.

"పదివేలిస్తే రెండ్రోజుల్లో తెచ్చిస్తా" అనేవాడు ఆఫీసు గేటు దగ్గరే దొరుకుతాడు. వాడి దగ్గరికి పోకు. రిజిస్టరులో లేని నంబరుతో కాగితం పుట్టిస్తే రేపు పొలం దగ్గర తగాదా వచ్చినప్పుడు కోర్టులో ఇరుక్కునేది నువ్వు.

డెత్ సర్టిఫికెట్ ఒక్కటే చాలదు. వారసులెవరో చెప్పేది ఫ్యామిలీ మెంబర్ సర్టిఫికెట్, అది తహసీల్దారు ఇస్తారు. బ్యాంకు డబ్బుకు నామినీ లేకపోతే కోర్టు నుంచి సక్సెషన్ సర్టిఫికెట్ అడగొచ్చు. ఇక్కడ ఒక మాట గట్టిగా చెప్తున్నా. వారసుల జాబితాలో మేనత్తగారి పేరు వదిలేయమని ఎవరైనా సలహా ఇస్తే వినకు. 1956 హిందూ వారసత్వ చట్టం ప్రకారం కూతుళ్లూ వారసులే. ఆవిడకు వద్దనుకుంటే ఆవిడే రాసిస్తారు. ఎలాగూ తిథి చెప్పి నీకు దారి చూపిస్తున్నది ఆవిడే కదా.

ముత్తాతల కాలానికి సర్టిఫికెట్లు అవసరం పడవు, చరిత్ర కోసమే కాబట్టి వేరే దారిన వెళ్లు. సబ్ రిజిస్ట్రారు ఆఫీసులో పాత దస్తావేజుల నకళ్లు ఫీజు కడితే ఇస్తారు. ఒక దస్తావేజులో ముత్తాతగారి వేలిముద్ర ఉండి, తరవాతి దాంట్లో కొడుకును "కీర్తిశేషులు ఫలానావారి కుమారుడు" అని రాసి ఉంటే, ఆ రెండు తేదీల మధ్య ఆయన పోయారన్నమాట. అడంగళ్లలో, అంటే ఊరి పొలాల రికార్డుల్లో, పట్టాదారు పేరు మారిన ఫసలీ చూడు. ఫసలీ అంటే జులైలో మొదలయ్యే రెవెన్యూ సంవత్సరం. ఫసలీకి 590 కలిపితే అది మొదలైన ఇంగ్లిషు సంవత్సరం వస్తుంది, 1387 ఫసలీ అంటే 1977 జులైలో మొదలైంది.

నాన్నమ్మగారి పుట్టింటివాళ్లది నల్గొండ వైపు, నిజాం ఇలాకా. అక్కడ చావుపుట్టుకలు పోలీస్ పటేల్ చూసేవాడు, రాత ఉర్దూలో ఉండొచ్చు, నెలలు ఆజూర్, దై, బహ్మన్ అని ఉంటాయి. ఉర్దూ బాగా చదివే మనిషిని వెంట తీసుకెళ్లు. హైదరాబాదు తార్నాకలోని స్టేట్ ఆర్కైవ్స్‌లో నిజాం కాలం కాగితాలు చాలా ఉన్నాయి, అక్కడా ఒకసారి అడిగి చూడు. మీ ఇంట్లో ఎవరైనా గయలో పిండం పెట్టి ఉంటే, అక్కడి పురోహితులైన పండాలకు ఊరు, గోత్రం చెబితే తమ పుస్తకాల్లోంచి పెద్దల పేర్లు చదివి వినిపిస్తారు. నాన్నమ్మగారు ఆ యాత్ర చేసినట్టు గుర్తు, కనుక్కో.

ముందు మేనత్తగారికి ఫోన్ చేసి తిథి రాసుకో. దరఖాస్తు తయారయ్యాక ఆఫీసులో ఇచ్చే ముందు ఫోటో తీసి నాకు పంపు, ఊరి పేరు, తాలూకా పేరు, తేదీలు ఒకసారి సరిచూస్తాను.

ఇట్లు,
మీ మామయ్య