మూడు రూపాయల వడ్డీ నెత్తిన పెట్టుకుని పాలు తగ్గిస్తే ఎలా?

ప్రశ్న: అక్కా, మాది రాజోలు దగ్గర పల్లెటూరు. మా ఆయన కొబ్బరి దింపుకి వెళ్తారు, నేను ఇంట్లో లేసు అల్లుతాను. దింపు ఉన్న వారం చేతిలో డబ్బు ఆడుతుంది, వానలు పట్టుకున్నాయంటే చెట్లు పాకుడు పట్టి పదేసి రోజులు పని ఉండదు. సంక్రాంతికి ఆడపడుచు, కొత్త అల్లుడుగారు వచ్చారని మూడు రూపాయల వడ్డీకి 20 వేలు తెచ్చాం. వడ్డీ కడుతున్నాం గానీ అసలు కదలట్లేదు. పోస్టాఫీసులో నెలకి 500 ఆర్డీ మాత్రం 26 నెలలుగా ఒక్కసారీ తప్పలేదు. పిల్లలకి పాలు లీటరు నుంచి అర లీటరు చేశాను, కేబుల్ తీయించేశాను. ఇంకెక్కడ తగ్గించమంటారు?

జవాబు: ముందు ఆ పాలు మళ్ళీ లీటరు చెయ్యండి, తర్వాత మాట్లాడుకుందాం. మీ చిల్లు వంటింట్లో లేదు చెల్లీ, ఆ అప్పుకి రాసిచ్చిన ప్రోనోటులో ఉంది. నూటికి మూడు రూపాయలంటే వినడానికి చిన్నగా ఉంటుంది, ఏడాదికి లెక్కేస్తే 36 శాతం. నెలకి 600, ఏడాదికి 7,200 వడ్డీకే పోతోంది. మీ ఆర్డీలో పడ్డ 13 వేల మీద 6.7 శాతం చొప్పున ఏడాదికి వచ్చేది 870 రూపాయలు. ఒక చేత్తో 870 దాస్తూ రెండో చేత్తో 7,200 ఇచ్చేస్తున్నారన్నమాట.

అలాగని ఆర్డీ మూసెయ్యకండి, మూడేళ్ళు నిండేదాకా అది కుదరదు కూడా. దాని మీదే అప్పు తీసుకోవచ్చని చాలామందికి తెలియదు. 12 వాయిదాలు తప్పకుండా కట్టి ఏడాది నిండితే జమైనదాంట్లో సగం దాకా ఇస్తారు, వడ్డీ ఆర్డీ రేటు కన్నా 2 శాతమే ఎక్కువ. అంటే మీకు 6,500 వస్తుంది, నెలకి వడ్డీ 50 రూపాయల లోపే. డ్వాక్రాలో ఉన్నారో లేదో రాయలేదు. ఉంటే సంఘంలో రూపాయి వడ్డీకి ఓ పదివేలు అడగండి, మొహమాటపడకండి, ఆ పొదుపు డబ్బు మీదే కదా. ఈ రెండూ తెచ్చి మూడు రూపాయల అప్పుకి కట్టేస్తే ఇక 3,500 మిగులుతుంది, అది రెండు మూడు దింపుల్లో తీర్చేయొచ్చు. అది కూడా తీరాక నెలకి 600 పోయే చోట 150 పోతుంది.

ఒక్క జాగ్రత్త. ఇచ్చినప్పుడల్లా నోటు వెనక చెల్లు రాయించుకోండి, తారీకు, మొత్తం, సంతకంతో సహా. "మనవాళ్ళే కదా, రాయడమెందుకు" అంటారు, ఆ మాట నమ్మకండి. మొత్తం తీరిన రోజు నోటు చేతికి తీసుకునే గుమ్మం దాటండి.

నెల బడ్జెట్ వేసుకోమని మీకు చెప్పను, జీతాలొచ్చే ఇళ్ళకది. మీకు వారం లెక్కే సరి. దింపు కూలి చేతికొచ్చిన సాయంత్రమే, కిరాణా కొట్టు దాకా వెళ్ళకముందే, కొంత తీసి వానరోజుల డబ్బాలో పడెయ్యండి, ఎంతో మీరే చూసుకోండి, 200 అయినా సరే. కొట్లో ఖాతా ఉందా? ఉంటే వారానికోసారి పద్దు చదివే కట్టండి. నేను ఏళ్ళ తరబడి చూడకుండా కట్టేదాన్ని, ఓసారి సరదాకి చదివితే మేం తెచ్చుకోని కొబ్బరినూనె రెండుసార్లు ఉంది! (మా పెరట్లో నాలుగు కొబ్బరి చెట్లున్నాయి లెండి, నూనె మేమే ఆడించుకుంటాం.) ఇంకోటి, రేషన్ బియ్యం పది రూపాయలకి అమ్మేసి సన్నబియ్యం కొనే అలవాటు మీకూ ఉంటే మానెయ్యండి. అలా అమ్మడం నేరం, పైగా దండగ. అన్నానికి నచ్చకపోతే ఇడ్లీకి రవ్వ పట్టించండి, దిబ్బరొట్టెకి ఆ రవ్వ బ్రహ్మాండంగా ఉంటుంది.

ప్రశ్న: మా వీధిలో ఒకావిడ లక్ష రూపాయల చీటీ వేస్తున్నారు, 20 మంది, నెలకి 5 వేలు. తొందరగా పాడుకోవాలా, చివరిదాకా ఆగాలా మేడమ్? (తణుకు)

జవాబు: అవసరం లేకపోతే ఆగండి. మొదట్లో పాతిక వేలు తగ్గించి పాడారంటే చేతికొచ్చేది 75 వేలే, అది పొదుపు కాదు, అప్పు. కానీ ఆగాలంటే ఆవిడ మీద నమ్మకం ఉండాలి, అసలు టెన్షన్ అక్కడే. 1982 చిట్ ఫండ్స్ చట్టం ప్రకారం ఇంత పెద్ద చీటీకి రిజిస్ట్రేషన్ తప్పనిసరి, చీటీ నడిపేవాళ్ళ కమిషన్ 7 శాతం దాటకూడదు. ఆవిడ దగ్గర కాగితం ఉందా అని అడగండి. లేకపోతే నేనైతే చేరను, ఎంత మంచావిడైనా.

ప్రశ్న: మా ఆయనకి పులస పిచ్చి. వరద నీళ్ళు ఎర్రగా వచ్చాయంటే ఆ నెల ఫీజుల డబ్బు కూడా చేప కిందే పోతుంది. "పుస్తెలమ్మైనా పులస తినాలి" అని సామెత ఒకటి చదువుతారు. (నరసాపురం)

జవాబు: ఈసారి ఆ సామెత చదివితే పుస్తెలు ఎవరివండీ అని అడగండి. చేప నాలుగిళ్ళ వాళ్ళు వాటాలేసుకుని తెచ్చుకోండి, పులుసు ఎలాగూ మర్నాటికే రుచి. సముద్రంలో పట్టిన విలసని పులసని చెప్పి అంటగట్టేవాళ్ళున్నారు, బేరం మాత్రం ఆయన్నొక్కడినే పంపకండి.