ల్యాబ్ సందేహాలు: ఆ కప్పు తేలాలా, మునగాలా?

ప్రశ్న: మా ఇంటర్ పిల్లలు ఇళ్ల నుంచి తెచ్చిన ప్లాస్టిక్ ముక్కల్ని నీళ్లలో, ఉప్పునీళ్లలో వేసి చూశారు. ఒకే పెరుగు కప్పు ముక్క ఒక జట్టుకు నీళ్లలో తేలింది, ఇంకో జట్టుకు మునిగింది. ఉప్పునీళ్లలోంచి తీసిన పీవీసీ పైపు ముక్కను రాగి తీగతో పరీక్షిస్తే ఆకుపచ్చ బదులు పసుపు మంట వచ్చింది. తప్పెక్కడ?
– అధ్యాపకురాలు, బ్రాడీపేట, గుంటూరు

జవాబు: మీ కప్పు పాలీస్టైరిన్ అయి ఉండాలి. దాని సాంద్రత మి.లీ.కి 1.05 గ్రాములు, నీటిది 1.00. తేడా ఇంత తక్కువైనప్పుడు ఒక్క గాలి బుడగ అంటుకున్నా మునగాల్సిన ముక్క తేలుతుంది. సరిగా తడవని ముక్క కూడా నీటి పైపొర మీద అలాగే నిలబడిపోతుంది. బీకరులో గిన్నెలు తోమే లిక్విడ్ ఒక్క చుక్క వేయండి. సెంటీమీటరు చదరం ముక్కను లేబులు, జిగురు లేకుండా కడిగి, ఫోర్సెప్స్‌తో అడుగుదాకా ముంచి, బుడగలు వదిలేలా కదిపి వదలండి. అప్పటికీ తేలితే అది పాలీప్రొపిలీన్, సాంద్రత 0.90. పెరుగు కప్పులు రెండింటితోనూ చేస్తారు. కప్పు అడుగున త్రికోణంలో 5 ఉంటే పాలీప్రొపిలీన్, 6 ఉంటే పాలీస్టైరిన్. ఆ అంకెను మాత్రం పరీక్ష అయ్యాకే చూడనివ్వండి. ముందే తెలిస్తే పిల్లలు బీకరు వైపు సరిగా చూడరు. థర్మోకోల్ కూడా పాలీస్టైరినే గానీ, లోపలి గాలి వల్ల తేలుతుంది. ఈ పరీక్షకు పనికిరాదు.

ఇక మంట. 100 మి.లీ. నీళ్లలో 12 గ్రాముల ఉప్పు కరిగిస్తే పాలీస్టైరిన్ పైకొస్తుంది, నీళ్ల సీసా ముక్క, పైపు ముక్క అడుగునే ఉంటాయి. ఆ రెండింటినీ విడదీసేది రాగి తీగే: పీవీసీలోని క్లోరిన్ వేడి రాగితో కలిసి మంటను ఆకుపచ్చగా మారుస్తుంది, సీసా ముక్క మార్చదు. మీకు కనిపించిన పసుపు రంగు, ముక్కకు అంటిన ఉప్పులోని సోడియంది, అది ఆకుపచ్చను కప్పేసింది. ముక్కను డిస్టిల్డ్ వాటర్‌లో రెండుసార్లు కడిగి తుడవండి. మంటకు ఏ రంగూ రాకుండా పోయేంతవరకు తీగ చివరను కాల్చండి. ఆ వేడి తీగను ముక్కకు ఒకసారి తాకించి, అంటిన కాస్తతోనే మళ్లీ మంటలో పెట్టండి. ముక్కను నేరుగా కాల్చొద్దు, పీవీసీ నుంచి గొంతు మండించే హైడ్రోజన్ క్లోరైడ్ వస్తుంది. ఫ్యూమ్ హుడ్ (పొగను బయటికి లాగే అర) లేని ల్యాబ్‌లో కిటికీలు తెరిచి మీరే ఒక్కసారి చేసి చూపండి.

ప్రశ్న: పాల ప్యాకెట్, షాంపూ సీసా ముక్కలు రెండూ నీళ్లలో తేలాయి. స్పిరిట్ కలిపిన నీళ్లలో సీసా ముక్కే మునగాలన్నారు, ఏప్రిల్‌లో చేస్తే రెండూ మునిగాయి.
– విద్యార్థి, పటమట, విజయవాడ

జవాబు: ఎండ చేసిన పని. 95 శాతం స్పిరిట్ 53 మి.లీ. తీసుకుని నీళ్లతో 100 మి.లీ.కి నింపితే 20 డిగ్రీల దగ్గర సాంద్రత 0.93. విజయవాడ వేసవిలో 35 డిగ్రీలు దాటిన గదిలో అది 0.92 కన్నా దిగిపోతుంది. పాల ప్యాకెట్‌ది సుమారు 0.92, షాంపూ సీసాది 0.95. అందుకే రెండూ మునిగాయి. కొలజాడీని ఖాళీగా తూచి, 100 మి.లీ. ద్రావణం పోసి మళ్లీ తూచండి. తేడా 93 గ్రాముల కన్నా తక్కువుంటే ద్రావణంలో కొద్దికొద్దిగా నీళ్లు కలిపి, మళ్లీ 100 మి.లీ. కొలిచి తూచండి. 93 రాగానే ఆపి, వెంటనే ముక్కలు వేయండి. ఆ బీకరు బర్నరున్న బల్ల మీద మాత్రం పెట్టొద్దు.