పలచటి స్టీలు డబ్బాకు మర మూత: థ్రెడ్ మాత్రం కోయించకండి

50 మి.మీ. వ్యాసం, అర మి.మీ. గోడ ఉన్న స్టెయిన్‌లెస్ స్టీలు డబ్బా మూతికి ఎం50×1.5 థ్రెడ్ (బయటి వ్యాసం 50 మి.మీ., పిచ్ అంటే చుట్టుకీ చుట్టుకీ మధ్య దూరం 1.5 మి.మీ.) కోయించి మర మూత పెట్టొచ్చా అని అడిగారు. కుదరదు. 1.5 పిచ్ థ్రెడ్ లోతు దాదాపు 0.92 మి.మీ., మీ గోడే 0.5. కోసే టూల్ గోడ దాటి అవతలికి వచ్చేస్తుంది. పోనీ సన్న పిచ్ వేద్దాం, 0.5 అనుకుంటే లోతు 0.3, మిగిలే గోడ 0.2. లెక్క సరిపోయినట్టే ఉంటుంది గానీ రోజూ తీసి పెట్టే మూతకి అది పనికిరాదు. కాస్త వంకరగా పెట్టినా ఒక చుట్టు ఇంకో చుట్టు మీదికెక్కి క్రాస్ అవుతుంది, ఇసుక రేణువు పడితే అక్కడే పట్టేస్తుంది.

కోయడం కూడా తలనొప్పే. పలచటి గొట్టం లేత్ (వస్తువును తిప్పుతూ కోసే యంత్రం) ఎక్కించినప్పుడల్లా నేను చూసేది ఇదే: గొట్టాన్ని పట్టుకునే మూడు దవడల చక్‌లో బిగిస్తే గొట్టం మూడు చోట్ల లోపలికి నొక్కుకుంటుంది, ఆ స్థితిలో గుండ్రంగా కోస్తాం, చక్ వదలగానే అది తన ఆకారానికి వెళ్లిపోయి మనం కోసిన గుండ్రం కాస్తా పోతుంది. టూల్ తగిలితే గోడ వణుకుతూ కీచుమంటుంది, ఆ వణుకంతా థ్రెడ్ మీద సన్నటి చారలుగా పడుతుంది. లోపల బిగుతుగా ఒక ప్లగ్ దూరిస్తే చాలావరకు తగ్గుతుంది, అయినా గోడ మందం పెరగదు కదా.

మీకు రెండు దారులున్నాయి. మొదటిది, రేకును కోయకుండా థ్రెడ్ ఆకారంలోకి నొక్కడం. స్టీలు నీళ్ల సీసా ఏదైనా ఉంటే మూత తీసి మెడ లోపల వేలు పెట్టి చూడండి, బయట ఉబ్బు ఉన్న చోటే లోపల పల్లం తగులుతుంది. మర ఉన్న బల్బు టోపీ కూడా ఇంతే, ఈ27 సైజులో అంగుళానికి 7 చుట్లు, అంటే దాదాపు 3.6 మి.మీ. పిచ్. రేకుకు సూదిగా ఉండే మర నప్పదు, గుండ్రటి అలలే కావాలి, లేకపోతే మడత దగ్గర పగులుతుంది. మీకు 3 మి.మీ. పిచ్, ఒకటిన్నర చుట్టు చాలు. అంచును మాత్రం బయటికి చుట్టించండి. దానివల్ల మూతికి బలం వస్తుంది, వాషర్‌కి కూర్చునే చోటు దొరుకుతుంది, చెయ్యీ కోసుకోదు.

కానీ రేకును నొక్కే రోలర్లు, డైలు (అచ్చులు) చేయించడం వందల్లో డబ్బాలు చేసేవాళ్లకే గిట్టుబాటు. ఒకటీ రెండూ అయితే నేను చెప్పేది రెండో దారే: 3 మి.మీ. మందం రింగు తీసుకుని మూతి చుట్టూ అతికించి, థ్రెడ్ ఆ రింగు మీద వేయండి. ఇక్కడ మీరడిగిన 1.5 పిచ్ కూడా హాయిగా పడుతుంది. వెల్డింగ్ అయినా బ్రేజింగ్ (వేరే లోహం కరిగించి అతకడం) అయినా ముందు అతుకు, తర్వాతే థ్రెడ్. వేడికి రింగు వంగుతుంది, ముందే కోసిపెట్టుకున్న థ్రెడ్ ఇక మూతకు కలవదు. వేడి తగలని డబ్బాకైతే ఎపాక్సీ జిగురు చాలు, రెండు వైపులా గరుకుగా రుద్ది అతికించాలి.

ఇంకో విషయం, చాలామంది థ్రెడ్ బిగుతుగా ఉంటే కారదనుకుంటారు. థ్రెడ్ పని నొక్కి పట్టడం, కారకుండా ఆపేది వాషర్. 3 మి.మీ. సిలికాన్ వాషర్‌ను నాలుగో వంతు, అంటే 0.75 మి.మీ. నొక్కితే సరిపోతుంది. 3 పిచ్ అయితే వాషర్ తగిలాక పావు చుట్టు, 1.5 పిచ్ అయితే అర చుట్టు. అందుకే థ్రెడ్ కొంచెం వదులుగానే ఉంచండి, వ్యాసంలో 0.3 మి.మీ. దాకా ఖాళీ ఉన్నా నష్టం లేదు.

మూత కూడా స్టెయిన్‌లెస్ పెట్టొద్దు. స్టెయిన్‌లెస్ మీద స్టెయిన్‌లెస్ తిరిగితే ఒకదాన్నొకటి కరుచుకుని, ఒక్కోసారి కోస్తే తప్ప రావు. ఇత్తడి గానీ ప్లాస్టిక్ గానీ మేలు. ప్లాస్టిక్ అయితే వేడికి స్టీలు కంటే చాలా ఎక్కువ సాగుతుంది, పాలీప్రొపిలీన్ మూత వేడి 60 డిగ్రీలు పెరిగితే 50 మి.మీ. మీద దాదాపు 0.3 మి.మీ. పెరుగుతుంది, కాబట్టి వేడివి పోసేదైతే థ్రెడ్ పట్టు మరీ పైపైన ఉండకూడదు.

లోపల గ్యాస్ పుట్టేదేమైనా పోస్తారా? ఒక్క బార్ (దాదాపు మన చుట్టూ ఉన్న గాలి ఒత్తిడంత) ఒత్తిడికే ఈ మూత మీద దాదాపు 20 కిలోల బరువు తోసినట్టు ఉంటుంది. అలాంటప్పుడు థ్రెడ్‌కి అడ్డంగా నిలువు గాడులు (సన్నటి కోతలు) రెండు మూడు పెట్టించండి, మూత ఇంకా మరలో ఉండగానే గాలి బయటికి పోతుంది, ఎగిరి మొహానికి తగలదు. పెట్రోలు లాంటిదైతే సిలికాన్ ఉబ్బిపోతుంది, నైట్రైల్ రబ్బరు వాషర్ వాడండి. ఏం పోస్తారో రాస్తే మిగతా కొలతలు చెప్తాను.