ఇంటి మురుగు లైను: పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

ప్రశ్న: నెల్లూరులో మాది ముప్పై ఏళ్ల కిందట కట్టిన ఇల్లు. వెనక బాత్రూమ్ నుంచి ముందువైపు సెప్టిక్ ట్యాంకు దాకా 40 అడుగుల పింగాణీ గొట్టాల లైను ఉంది, పక్కనే కొబ్బరిచెట్టు. మూడు నెలలకోసారి జామ్ అవుతోంది. వెదురుబద్దతో పొడిస్తే పీచులాంటి వేర్లు వస్తున్నాయి. పగిలిన ముక్క ఒక్కటి మారిస్తే చాలని ప్లంబరు, మొత్తం తీసేయమని మేస్త్రీ. ఎవరి మాట వినాలి?

జవాబు: మేస్త్రీ మాటే వినండి. పాత పింగాణీ గొట్టాలు ఒక్కొక్కటి రెండు అడుగుల పొడవే ఉంటాయి. అంటే మీ లైనులో ఇరవై దాకా అతుకులు, అన్నీ సిమెంటుతో పూసినవే. ఆ పూత ఎండి సన్నగా నెర్రె ఇస్తే చాలు, తడి తగిలిన వేరు లోపలికి దూరుతుంది. బద్దతో పొడిచినప్పుడు వేరు తెగుతుందే కానీ చావదు, మళ్లీ మొలుస్తుంది. ఒక అతుకులో వేరు దూరిందంటే అదే వయసు, అదే పూత ఉన్న పక్క అతుకులు కూడా ఎక్కువ రోజులు ఆగవు. బండి ఎక్కి ఒక్క గొట్టం నలిగి, మిగతావి శుభ్రంగా ఉంటే మాత్రం ప్లంబరు మాట సబబే.

తవ్వేముందు ఒక పరీక్ష చేయండి. కింది ఛాంబర్ (ట్యాంకు వైపున్న తనిఖీ గుంత) నుంచి బద్ద తోయండి. అది ఆగగానే ఛాంబర్ అంచు దగ్గర బద్దను బొటనవేలితో పట్టుకుని బయటికి లాగి, అదే అంచు నుంచి లైను మీదుగా నేలపై పరవండి. బద్ద కొస ఎక్కడుంటే అడ్డు దాని కిందే. పై ఛాంబర్ నుంచి కూడా అలాగే చూడండి. రెండు గుర్తులూ ఒకచోట కలిస్తే అడ్డు ఒక్కటే. దూరదూరంగా పడితే మధ్యలో ఉన్నదంతా అనుమానించాల్సిందే.

కొత్తదానికి 110 మి.మీ. ఎస్‌డబ్ల్యూఆర్ గొట్టం (మురుగు, వాన నీళ్ల కోసం చేసే పీవీసీ గొట్టం), ‘టైప్ బి’ అని ముద్ర ఉన్నది అడగండి. ‘టైప్ ఎ’ గోడ పలచన, వాన నీళ్లకూ గాలి గొట్టాలకూ సరిపోతుంది, మట్టి కింద వేయకూడదు. పది అడుగులవి ఐదు తీసుకోండి, నాలుగైతే కోతల్లో తక్కువ పడొచ్చు. మలుపుల్లో 90 డిగ్రీల బెండు వద్దు, 45వి రెండు వేయండి.

అన్నిటికన్నా ముఖ్యం వాటం. 110 మి.మీ. గొట్టానికి 40 అడుగులకు ఒక అడుగు వాలు ఉండాలి. ట్యాంకు ఇన్‌లెట్ (మురుగు లోపలికి దిగే నోరు) మట్టం మారదు కాబట్టి లెక్క అక్కడి నుంచే వెనక్కి కట్టాలి. “వాటం బాగానే ఉండాది” అనే కంటిచూపు మాట ఒప్పుకోకండి. లెవెల్ ట్యూబులో నీళ్లు పోసి, పది అడుగులకో మేకు కొట్టి, ఒక్కో మేకుకు 3 అంగుళాలు తేడా చూసుకోమనండి. గొట్టాలు ట్యాంకు వైపు నుంచి పైకి వేసుకుంటూ రావాలి, సాకెట్ నోరు (గొట్టానికి వెడల్పుగా ఉండే కొస) ఎప్పుడూ బాత్రూమ్ వైపే ఉండాలి.

కాలువ అడుగున్నర వెడల్పు చాలు. అడుగున 4 అంగుళాలు, గొట్టం చుట్టూ, పైన మరో 6 అంగుళాలు ఇసుకే పోయాలి. మీ లైను పొడవుకు సుమారు 70 ఘనపుటడుగులు పడుతుంది. ఇటుక ముక్కలు, పాత గొట్టం పెంకులు అదే గోతిలో పారేయడం మామూలుగా జరిగే తప్పు. గొట్టం వాటి మీద ఆనుకున్నచోట పైబరువుకు నొక్కుకుపోతుంది. చెట్టు పక్క కాబట్టి సాల్వెంట్ సిమెంటు (పీవీసీని అతికించే జిగురు) జాయింట్లే వేయించండి: రెండువైపులా పూసి, పావు చుట్టు తిప్పుతూ తోసి, అరనిమిషం కదలకుండా పట్టుకోవాలి. పాత పింగాణీ ముక్క ఏదైనా ఉంచి దానికి కలపాల్సి వస్తే, పీవీసీ నున్నన కాబట్టి సిమెంటు పట్టదు. గొట్టం కొసకు సాల్వెంట్ పూసి పొడి ఇసుక చల్లి ఆరనిచ్చాక సిమెంటు పూయండి.

పూడ్చేముందు మర్నాడు కింది కొస మూసి, పై ఛాంబర్ దాకా నీళ్లు నింపి గీత పెట్టండి. అరగంటలో గీత దిగితే ఎక్కడో కారుతున్నట్టే. తర్వాత ఒక కొసన టార్చి, రెండో కొసన అద్దం పెట్టి చూడండి. వెలుగు నిండు గుండ్రంగా కనిపించాలి. అర్ధచంద్రంలా ఉంటే మధ్యలో గొట్టం కుంగింది, మళ్లీ ఎత్తించండి. మేస్త్రీ విసుక్కుంటాడు, విసుక్కోనివ్వండి.

ప్రశ్న: ఒంగోలు శివారులో మాది నల్లరేగడి నేల. రెండేళ్ల కిందట వేసిన పీవీసీ లైను ఎండాకాలంలో గోడ దగ్గర అతుకు ఊడింది. గొట్టం నాసిరకమా?

జవాబు: గొట్టాన్ని అనకండి, నేల కదిలింది. రేగడి వానకు ఉబ్బుతుంది, ఎండకు ముడుచుకుని పగుళ్లిస్తుంది. గోడలో సిమెంటుతో బిగించిన చోట గొట్టం కదల్లేదు, బయటి ముక్క మాత్రం నేలతోపాటు కదిలింది. ఎపాక్సీ ముద్ద పెడితే వచ్చే ఎండాకాలానికి మళ్లీ ఊడుతుంది. గోడలో 160 మి.మీ. ముక్క తొడుగుగా పెట్టి, అందులోంచి 110 గొట్టం దూర్చి, మధ్య ఖాళీని మెత్తటి సీలెంటుతో మూయండి. కాలువ మరో అడుగు లోతు తవ్వి రేగడి తీసేసి ఇసుక గానీ గ్రావెల్ గానీ నింపండి. ఇక్కడ రబ్బరు రింగు జాయింటే మేలు: సబ్బునీళ్లు రాసి పూర్తిగా తోసి, గీత పెట్టి, 10 మి.మీ. వెనక్కి లాగండి. గ్రీజు రాస్తే రబ్బరు పాడవుతుంది. వాయిదా వేయకండి, పునాది పక్కన రేగడి నానితే గోడ నెర్రె ఇస్తుంది.

ప్రశ్న: ముత్తుకూరు దగ్గర మా ఇంట్లో కార్తీక మాసం వానల్లో లెట్రిన్ నీళ్లు దిగవు, ఎండాకాలంలో ఏ ఇబ్బందీ లేదు. లైను మార్చాలా?

జవాబు: ముందు ట్యాంకు మూత తీయండి. మామూలుగా నీళ్లు ఇన్‌లెట్ గొట్టం అడుగుకు రెండు అంగుళాల కిందే నిలవాలి. గొట్టం మునిగి ఉంటే తప్పు లైనుది కాదు. ఈశాన్య రుతుపవనాల వానకు భూగర్భజలం పైకొచ్చి ఇంకుడు గుంత నీళ్లు పీల్చడం మానేసింది. అప్పుడు ట్యాంకు తోడించకండి: గోడలు కారుతుంటే మళ్లీ నిండుతుంది, ఖాళీ ట్యాంకు చుట్టూ ఉన్న నీటి ఒత్తిడికి పైకి లేచి పగలనూవచ్చు. తోడించే పని వేసవిలో పెట్టుకోండి. ఇంకుడు గుంతను నేలమట్టానికి పైన, గట్టు పోసి కట్టించండి. తాగునీటి బావికి, బోరుకు కనీసం 60 అడుగుల దూరం ఉండాలి. నీళ్లను ఒకవైపే పోనిచ్చే నాన్‌రిటర్న్ వాల్వు పెడితే ఎదురు తన్నడం ఆగుతుంది కానీ, ఇంట్లో నీళ్లు కూడా బయటికి పోవు.

ప్రశ్న: జామ్ అయితే యాసిడ్ పోయొచ్చా? మనిషిని ట్యాంకులోకి దించొచ్చా?

జవాబు: రెండూ వద్దు. యాసిడ్ సిమెంటు అతుకుల్ని తినేస్తుంది, ట్యాంకులో మలాన్ని కరిగించే సూక్ష్మజీవుల్ని చంపుతుంది, బ్లీచింగ్ పౌడరుతో కలిస్తే విషవాయువు పుడుతుంది. ట్యాంకులోకి మనిషిని దించడం ప్రాణం తీసే పని. రక్షణ సామగ్రి లేకుండా దించితే పాకీపనిని నిషేధించిన 2013 చట్టం కింద నేరం కూడా. మూత తీసి ఉంచినంత మాత్రాన గ్యాస్ పోయిందనుకోకూడదు, అగ్గిపుల్ల గీసి చూడనూ కూడదు. వాక్యూమ్ ట్యాంకరును పిలిపించండి. గొట్టం పైనుంచే వేయాలి, మూత దగ్గర పిల్లల్ని తిరగనివ్వొద్దు.