టీడీఎస్ 410 వస్తే బోరు నీళ్లు మంచివేనా?

ప్రశ్న: మాది శ్రీకాకుళం జిల్లా లావేరు మండలం. రబీలో మొక్కజొన్న వేస్తాం. ఇల్లు పొలంలోనే. తాగడానికి, పశువులకు, పంటకు ఒకటే బోరు. ఊళ్లో ఒకరు మీటర్ పెట్టి చూసి, టీడీఎస్ 410 ఉంది, ఢోకా లేదన్నారు. కానీ మొన్న ఐదు నెలల చూడి ఆవు ఈసుకుపోయింది (చూడి పడిపోయింది). ఇంట్లో మూడు నెలల మనవరాలు ఉంది. ఉద్దానం కిడ్నీ జబ్బుల గురించి విన్నప్పటి నుంచి టెన్షన్‌గా ఉంది. ఏం చేయమంటారు?

జవాబు: ముందు పాప సంగతి. పరీక్ష ఫలితం వచ్చేదాకా పాలపొడి కలపడానికి ఈ నీళ్లు వాడకండి. కాచి వాడినా లాభం లేదు. మరిగిస్తే క్రిములు చస్తాయి గానీ నైట్రేట్ (యూరియా, పెంట నుంచి నీటిలోకి దిగే నత్రజని లవణం) పోదు, నీరు ఆవిరైనకొద్దీ ఇంకా చిక్కబడుతుంది. ఆరు నెలల లోపు పిల్లల్లో అది రక్తం ఆక్సిజన్ మోయకుండా అడ్డుపడుతుంది. పెదాలు, గోళ్లు నీలంగా మారితే క్షణం ఆలస్యం చేయకుండా ఆస్పత్రికి తీసుకెళ్లండి.

మీటర్ తప్పు చూపలేదు. అయితే అది నీటిలో కరిగిన లవణాల మొత్తం చెబుతుంది, అందులో ఏవెంత ఉన్నాయో చెప్పదు. తాగునీటిలో టీడీఎస్ లీటరుకు 500 మి.గ్రా. వరకు మంచిదే. నైట్రేట్ మాత్రం 45 మి.గ్రా. దాటకూడదు. మీ 410లో 100 నైట్రేటే అయినా మీటర్‌లో పడే అంకె అదే. పురుగుమందుల అవశేషాలైతే దానికి అసలు అందవు.

నైట్రేట్ మీదే నా అనుమానం ఎందుకంటే, మొక్కజొన్నకు యూరియా ఎక్కువ పడుతుంది. తేలిక నేలల్లో ఒకేసారి చల్లి నిండా తడిపెడితే పంట తీసుకోగా మిగిలింది నీటితోపాటు కిందికి దిగుతుంది. బోరు పక్కనే గత్తం (పెంట) కుప్ప ఉంటే అదీ తోడవుతుంది. ముందు దాన్ని దూరంగా, పల్లపు వైపుకు మార్చండి.

నమూనా సరిగా తీయకపోతే పరీక్ష వృథా. మోటారు పది నిమిషాలు ఆడనివ్వండి. లీటరు ప్లాస్టిక్ సీసాను (పురుగుమందు సీసా అసలు వద్దు) అదే నీటితో మూడుసార్లు తొలిచి, గాలి మిగలకుండా నింపి బిగించండి. తేదీ, బోరు లోతు రాసి అంటించండి. ఎండ తగలకుండా అదే రోజు ల్యాబ్‌కు చేర్చండి. తాగునీటి పరీక్షకు గ్రామీణ నీటి సరఫరా విభాగం ల్యాబ్, సాగునీటికి ఆమదాలవలస కృషి విజ్ఞాన కేంద్రాన్ని అడగండి. సచివాలయంలో ఫీల్డ్ కిట్ ఉంటే ముందుగా దానితో చూడవచ్చు, రంగు ఎక్కువ వస్తే ల్యాబ్‌లో ఖాయం చేసుకోవాలి. ఒక్క పరీక్షతో ఆగకండి. వానలకు ముందొకసారి, వానలు వెనకబట్టాక ఒకసారి, ఏటా అదే బోరు నుంచి తీసి ఆ కాగితాలు దాచండి. అంకె పెరుగుతోందా తగ్గుతోందా అన్నది అప్పుడే తెలుస్తుంది.

ఆవు ఈసుకుపోవడానికి నీరే కారణమని ఇప్పుడే అనుకోవద్దు. బ్రూసెల్లా వ్యాధిలోనూ ఇలాగే జరుగుతుంది, అది మనుషులకూ సోకుతుంది. పడిపోయిన దూడను, మాయను ఒట్టి చేతులతో ముట్టకూడదు. పశువైద్యుడితో రక్త పరీక్ష చేయించండి. పశువులకు నైట్రేట్ 45 నుంచి 130 మి.గ్రా. వరకు మేత బాగుంటే సాధారణంగా ఇబ్బంది ఉండదు, 220 దాటితే ప్రమాదం. బెట్టకు వాడిపోయిన లేత జొన్న, మొక్కజొన్న చొప్పలోనూ నైట్రేట్ ఉంటుంది. రెండూ కలిస్తే ముప్పు ఎక్కువ. చిగుళ్లు గోధుమరంగుకు తిరిగి పశువు రొప్పుతుంటే అది అత్యవసరం.

ఉద్దానం జబ్బుకు నీరే కారణమని ఇప్పటికీ తేలలేదు. మీ భయం తీరాలంటే నీటి పరీక్ష చాలదు, పెద్దవాళ్లంతా రక్తంలో క్రియాటినిన్ (కిడ్నీల పనితీరు చెప్పే పరీక్ష), మూత్ర పరీక్ష చేయించుకోండి.

నైట్రేట్ నిజంగానే 100 వస్తే, ఎకరాకు రెండంగుళాల తడికి దాదాపు 2 లక్షల లీటర్లు పారుతుంది. దానితో సుమారు నాలుగున్నర కిలోల నత్రజని, అంటే పది కిలోల యూరియా చేలోకి తిరిగొస్తుంది. ఆ మేరకు పైపాటుగా వేసే యూరియా తగ్గించవచ్చు. ఫలితం వచ్చాక నైట్రేట్ అంకె, రబీలో ఎన్ని తడులు పెడతారో రాసి పంపండి, ఏ విడతలో ఎంత తగ్గించాలో లెక్కకట్టి చెబుతాను.