25 మంది చిన్నపిల్లలు, ఎవరి పని వాళ్ళే ఎంచుకోవాలంటే గదిని ఎట్ల సర్దుకోవాలె?

మీరు అడిగింది ఇది: నాగర్‌కర్నూల్ దిక్కు పల్లెలో 3 నుంచి 6 ఏళ్ళ పిల్లలు 25 మంది, టీచరు ఒక్కరు, ఆయమ్మ ఒక్కరు. "ఇష్టమైంది తీసుకోండి" అని సామానంతా ముందర పెడితే అరగంటల గది ఆగమాగం అవుతున్నది, కొట్టుకుంటున్నరు. తప్పు ఎక్కడున్నది?

సామాను ఎక్కువైంది, చోట్లు తక్కువైనయి. ముందు చోట్లు లెక్కపెట్టుకోండి. ఒక్కరే కూచుని చేసుకునే పని సామాను పెట్టిన పళ్ళేలు 12. మట్టి, ఇసుక, కట్టె దిమ్మెలు, బొమ్మల పుస్తకాల చాప, ఒక్కోదాని దగ్గర నలుగురు. మొత్తం 28. పని వదిలిన పిల్లకు పోయేందుకు ఎప్పుడూ మూడు చోట్లు ఖాళీగ ఉంటయి. 25 మందికి 25 చోట్లే పెడితే పక్కవాని చేతిలది గుంజుకోవుడే. మట్టి మూలన మొలకు నాలుగు ప్లాస్టిక్ గాజులు వేలాడదీయండి. గాజు దొరికితే చోటున్నట్టు, లేకుంటే నిండినట్టు. "వద్దు" అనే మాట మీ నోటి నుంచి రావాల్సిన పని ఉండదు.

ఇదంతా మొదటి రోజే పెట్టకండి. మొదటి వారం సగం మందిని ఆయమ్మతో బయట ఆటకు పంపి, మిగిలినోళ్ళకు 6 పళ్ళేలు, రెండు మూలలు చాలు. పని ఎట్ల చేయాలో ఒక్కసారి, మెల్లగ, మాట్లాడకుండా చేసి చూపి చేతులు వెనక్కి తీసుకోండి. చూపెడుతూ మాట్లాడితే పిల్లలు మీ నోరు చూస్తరు, చేతులు చూడరు.

నీళ్ళు పోసే పళ్ళెం సంగతి కొంచెం వివరంగ చెప్తా, అందరూ తప్పు చేసేది ఇక్కడే. ప్లాస్టిక్ గ్లాసులు తేలిక, తగిలితే పడిపోతయి. రెండు చిన్న స్టీలు గ్లాసులు పెట్టండి. ముందు వారం రోజులు జొన్నలతో, తర్వాత నీళ్ళతో. ఒక్క గ్లాసులనే, అదీ ముప్పావు వరకే నింపాలె. నిండుగ పోస్తే ఎంత జాగ్రత్తగల్ల పిల్లయినా ఒలకబోస్తది, అది ఆమె తప్పు కాదు. పళ్ళెం అంచు రెండు అంగుళాలు ఉండాలె. తుడిచే గుడ్డ పళ్ళెంలనే పెట్టాలె. గుడ్డ కోసం లేచి పోవాల్సి వస్తే ఆ పిల్ల మళ్ళ రాదు, ఆ తడిని మీరే తుడవాల్సి వస్తది. జొన్నల పళ్ళేనికి చిన్న చీపురు, చిన్న చాట.

లెక్కలకు జొన్న సొప్ప బెండ్లు మంచివి. పైన పొట్టు చేతులు కోస్తది, అందుకని అది మీరే ఒలిచి, వేలెడంత ముక్కలు 45 చేసి పెట్టండి. 0 నుంచి 9 దాకా రాసిన పది డబ్బాలు, ఏ డబ్బా మీద ఎంత అంకె ఉంటే అన్ని ముక్కలు వేయాలె. సరిగ్గ వేస్తే 9 డబ్బాల చివరి ముక్క పడి చెయ్యి ఖాళీ అయితది, 0 డబ్బా ఖాళీగనే ఉంటది. తక్కువ పడినా మిగిలినా పిల్లకే తెలుస్తది, మీరు దిద్దే పని లేదు. అందుకే రోజూ సాయంత్రం 45 ఉన్నయో లేవో లెక్క చూడాలె. ఒక్క ముక్క పోయిందా, ఆ సామాను అబద్ధం చెప్తది.

గింజల విషయంల మాత్రం గట్టిగ ఉండండి. ఆముదం గింజలు చారలతో నునుపుగ లెక్కలకే చేసినట్టుంటయి, మన దిక్కు చేను గట్ల మీద దొరుకుతయి. గది లోపలికి రానియ్యకండి, నమిలితే విషం. గురిగింజలూ అంతే. సీతాఫలం గింజలు నూరినా పగిలినా ఆ పొడి కండ్లల పడొద్దు. చింతగింజలు, పల్లీలు చిన్నోళ్ళకు ఇయ్యకండి, ముక్కుల చెవుల పెట్టుకుంటరు.

మట్టికి నల్లరేగడి ఒక్కటే వాడితే ఎండినంక పగులుతది. నాలుగు పాళ్ళకు ఒక పాలు సన్న ఇసుక కలపండి. చెల్క మట్టి ముద్ద నిలవది. రాత్రంతా నానబెట్టి జల్లెడ పట్టాలె, చెరువు మట్టిల తుమ్మ ముళ్ళు, గాజు పెంకులు వస్తయి.

బతుకమ్మ పండుగప్పుడు తంగేడు, గునుగు, బంతి పూలు కుప్పపోసి పిల్లలకే వదిలెయ్యండి. రంగుల వారీగ వేరుచేసుడు, కింద పెద్ద వరుస నుంచి పైకి చిన్న వరుస పేర్చుడు వాళ్ళంతట వాళ్ళే చేస్తరు. దీనికోసం రంగు రంగుల చెక్క బిళ్ళలు కొనాల్సిన అవసరం లేదు.

పని గంట మధ్యల ఒకసారి గోల లేస్తది. దీన్నే ఈ తీరు చదువును మొదలుపెట్టిన ఇటలీ డాక్టరు మరియా మాంటిస్సోరి "అబద్ధపు అలసట" అన్నది. అప్పుడే గంట కొట్టి ఆపకండి, పది నిమిషాలు ఓపిక పడితే మళ్ళ పనిల పడతరు.

"పలక మీద అఆలు ఎప్పుడు రాయిస్తరు?" అని తల్లిదండ్రులు అడుగుతరు. 120 నంబరు సాండ్‌పేపర్‌తో నాలుగు వేళ్ళ ఎత్తు అక్షరాలు కోసి అట్ట మీద అంటించి, శనివారం వాళ్ళ ముందరే పిల్లతో వేలితో దిద్దించండి. కోసేటప్పుడు వెనక వైపు గీస్తే అక్షరాన్ని తిరగేసి గీయాలె, లేకుంటే అంటించినంక అద్దంల చూసినట్టు వస్తది. ప, వ ఒకే వారంల ఇయ్యకండి. మ, య కూడా.