కుంట, చింతతోపు ప్లాట్లు కాకుండా ఎలా?

ప్రశ్న: నేను రిటైర్డ్ టీచర్‌ని. కర్నూలు జిల్లా ఓర్వకల్లు దగ్గర మాకు 9 ఎకరాలుంది. అన్నదమ్ములతో భాగాల్లో వచ్చినవి 6 ఎకరాలు, చింతతోపు, కుంట అందులోనే ఉన్నాయి. రోడ్డు పక్క 3 ఎకరాలు నేను కొన్నవి. కుంటకు నీళ్లొచ్చే వంక ఆ 3 ఎకరాల్లోంచే పారుతుంది. బ్రోకర్లు ఎకరా 40 లక్షలంటున్నారు. బెంగళూరులో ఉన్న అబ్బాయి అమ్మేసి ఫ్లాట్ కొందామంటాడు. అమెరికాలో ఉన్న అమ్మాయేమో, అక్కడ కన్జర్వేషన్ ఈజ్‌మెంట్ రాసిస్తే ఆ భూమిలో ఎప్పటికీ వెంచర్ వేయలేరు, మనమూ రాద్దామంటోంది. కుదురుతుందా?

జవాబు: మాస్టారూ, అమ్మాయి చెప్పింది నిజమే, కానీ అది అమెరికా వరకే. అక్కడ రైతు భూమిని తన పేరునే ఉంచుకుని, ప్లాట్లు వేసే హక్కును మాత్రం ల్యాండ్ ట్రస్ట్‌కో (భూములను కాపాడే సంస్థ) ప్రభుత్వానికో శాశ్వతంగా వదులుకుంటాడు. తర్వాత ఎవరు కొన్నా ఆ షరతు భూమి వెంటే పోతుంది. దానివల్ల తగ్గిన విలువను దానంగా లెక్కగట్టి ఆదాయపు పన్నులో మినహాయింపు ఇస్తారు. ఆ ఏడాది వాడుకోగా మిగిలింది ఇంకో 15 ఏళ్ల దాకా వాడుకోవచ్చు. జనం ముందుకొచ్చేది చాలావరకు ఈ రాయితీ చూసే. మీకు వ్యవసాయ ఆదాయం మీద పన్నే లేదు, ఇక రాయితీ దేనిమీద ఇస్తారు?

మన ఈజ్‌మెంట్స్ చట్టం 1882 నాటిది. అందులో ఉన్నది ఒక చేని కోసం పక్క చేనిమీద ఉండే హక్కు: బండిదారి, నీటి దారి, అలాంటివి. చెట్లనో పక్షులనో కాపాడమని ఏదో సంస్థకు రాసిచ్చే పద్ధతి అందులో లేదు. పోనీ ‘నా వారసులెవరూ అమ్మకూడదు’ అని దస్తావేజులో రాయిద్దామా అంటే, పూర్తి హక్కు ఇచ్చి అమ్మనే కూడదని పెట్టే షరతు ఆస్తి బదిలీ చట్టం 10వ సెక్షన్ కింద చెల్లదు. రాసిపెట్టేవాళ్లు దొరుకుతారు లెండి, ఫీజు కూడా తీసుకుంటారు.

పబ్లిక్ ట్రస్ట్ పెట్టొచ్చు, పర్యావరణ పరిరక్షణ కూడా ఆదాయపు పన్ను చట్టం లెక్కలో ధర్మకార్యమే. కానీ భూమి మీ ఇంటిది కాకుండా పోతుంది, ఏటా ఆడిట్లు, దాన్ని నడపడానికి మనుషులు కావాలి. మీ పరిస్థితికి వద్దంటాను.

నా సలహా మీకు కొంచెం కష్టంగా ఉండొచ్చు. 9 ఎకరాలూ కాపాడాలని పట్టుబడితే, మీ తర్వాత పిల్లలిద్దరూ కోర్టుకెక్కి మొత్తం బ్రోకర్ చేతిలో పెట్టే ప్రమాదం ఉంది. రోడ్డు పక్క 3 ఎకరాలు వదిలేసి 6 ఎకరాలు నిలబెట్టుకోండి.

లెక్క చూడండి. భాగాల్లో వచ్చిన 6 ఎకరాలు తాతల నాటి ఉమ్మడి ఆస్తి అయితే, వాటిలో మీతో పాటు అబ్బాయికీ అమ్మాయికీ సమాన హక్కు ఉంది, అంటే తలా 2 ఎకరాలు. హిందూ వారసత్వ చట్టానికి 2005లో వచ్చిన సవరణ తర్వాత కూతురి సమాన హక్కు మీద వాదనేమీ లేదు. మీరు కొన్న 3 ఎకరాలు మాత్రం మీ ఇష్టం. వాటిని అబ్బాయికి గిఫ్టు డీడ్ రాసివ్వండి. బదులుగా తన 2 ఎకరాల వాటా వదులుకుంటూ మీ పేరున విడుదల పత్రం రిజిస్టర్ చేయమనండి. బ్రోకర్ చెప్పిన ధరే నిజమైతే అతనికి 1 కోటి 20 లక్షలు, కాదనడనుకుంటాను. కర్నూలు కార్పొరేషన్ హద్దుకు 6 కిలోమీటర్ల అవతల, వేరే మున్సిపాలిటీ పరిధికీ దూరంగా ఉన్న చేనును చేనుగానే అమ్మితే, అమ్మకం లాభం మీద పడే క్యాపిటల్ గెయిన్స్ పన్ను ఉండదు. లేఅవుట్ వేసి ప్లాట్లుగా అమ్మితే మాత్రం పన్ను పడుతుంది, ఈ మాట అబ్బాయికి ముందే చెప్పండి.

ఆ గిఫ్టు డీడ్‌లోనే అసలు పని ఉంది. వంక ఎక్కడ మొదలై ఎక్కడ కుంటలో కలుస్తుందో, వెడల్పెంతో సర్వేయర్‌తో కొలిపించి, సర్వే నంబర్లతో స్కెచ్ గీయించి, ఆ దారిని పూడ్చకూడదు, మళ్లించకూడదు, గోడ కట్టకూడదు, 6 ఎకరాలకు ఈ నీటి హక్కు ఉంటుంది అని రాయించండి. ఇది మన చట్టం ఒప్పుకునే ఈజ్‌మెంట్. ఒక చేను కోసం పక్క చేను మీద ఉన్న హక్కు కదా! రిజిస్టరైన పత్రం కాబట్టి రేపు కొన్నవాడు నాకు తెలియదనలేడు. అంతకుముందు అడంగల్ (ఊరి భూముల రికార్డు), ఎఫ్‌ఎంబీ (సర్వే కొలతల పుస్తకం) చూడండి. వంకో కుంటో పొరంబోకుగా నమోదై ఉంటే అది ప్రభుత్వానిది, పూడ్చే హక్కు ఎవరికీ లేదు.

అమ్మాయి విషయంలో ఒక జాగ్రత్త. ఎన్ఆర్ఐలు ఇక్కడ వ్యవసాయ భూమి కొనలేరు, గిఫ్టుగానూ తీసుకోలేరు, వారసత్వంగా మాత్రం రావచ్చు. అబ్బాయి విడుదల పత్రం ఆమె పేరున కాకుండా మీ పేరున అన్నది అందుకే. మీ 4 ఎకరాలు ఆమెకు వీలునామాతోనే ఇవ్వండి, దాన్ని కూడా రిజిస్టర్ చేయించండి.

సాగుకు ఊళ్లో నమ్మకమైన రైతుకు కౌలుకివ్వండి. 2019 పంట సాగుదారుల హక్కుల చట్టం కింద 11 నెలల ఒప్పందం రాసుకుంటే అతనికి పంట రుణానికి పనికొస్తుంది, మీ యాజమాన్యానికి ఢోకా ఉండదు.

ఇంత చేసినా ఓర్వకల్లు పారిశ్రామిక వాడ కోసం ప్రభుత్వమే భూసేకరణకు దిగితే ఈ కాగితాలేవీ ఆపలేవు. అప్పుడు మాట్లాడుకోవలసింది 2013 చట్టం కింద వచ్చే పరిహారం గురించే. ప్రస్తుతానికి కర్నూలులో సివిల్ లాయర్‌కు పాసుపుస్తకాలు, భాగపరిష్కార పత్రం, ఈసీ (భూమి మీద జరిగిన రిజిస్ట్రేషన్లు చూపే సర్టిఫికెట్) చూపించండి. ఆ మాటలప్పుడు అబ్బాయిని కూడా పక్కన కూర్చోబెట్టుకోండి.